ఆ 430 మంది ఎటు పోయారు?

ఈ వారం ఉత్తరం వరంగల్ నుంచి వచ్చింది. రాసిన చెల్లె పేరు వద్దన్నారు, అందుకే పేరు లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని నేనే మార్చాను. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైనంత వరకు ఇక్కడ చెప్తాను.

ఆమె వయసు 29. భర్త ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తారు. ఆరేళ్ల పాప ఉంది, అత్తమ్మ వీళ్లతోనే ఉంటారు. ఈమె ఇదివరకు ఇంట్లోనే మిషన్ కుట్టేవారు, బ్లౌజులు, ఫాల్స్ కలిపి నెలకు నాలుగైదు వేలు చేతికొచ్చేవి. పదకొండు నెలల కింద యూట్యూబ్‌లో వంటల ఛానల్ పెట్టారు. ఫోన్ 18,500 రూపాయలు, అదీ ఈఎంఐ మీద. స్టాండు, లైటు, చిన్న మైకు కలిపి ఇంకో 4,000. ఇప్పటికి 74 పెద్ద వీడియోలు, 20 షార్ట్స్, అంటే చిన్న వీడియోలు, పెట్టారు. పెద్ద వీడియో ఒక్కోదానికి 120, 150 వ్యూస్ వస్తాయి, అందులో చుట్టాలే ఎక్కువని ఆమే రాశారు.

మూడున్నర నెలల కింద ఒక సంగతి జరిగింది. సర్వపిండి, అంటే గిన్నె లోపల అద్ది కాల్చే బియ్యప్పిండి రొట్టె, చేస్తున్నారు, మొదటిది బాగానే వచ్చింది, రెండోది గిన్నెకు అంటక జారిపోతోంది. అత్తమ్మ వెనక నుంచి వచ్చి "గిన్నె సల్లారకముందే పిండి అద్దితే ఎట్ల నిలుస్తదే? గంత ఉరుకులాట ఎందుకు నీకు? బోర్లేసి నీళ్లు పొయ్యి ముందుగాల" అని కసురుకున్నారు. ఫోన్ ఆన్‌లోనే ఉంది. ఆ నలభై సెకన్ల ముక్కను ఈమె షార్ట్‌గా పెట్టేశారు. మూడు వారాల్లో దానికి 2,40,000 వ్యూస్ వచ్చాయి, అప్పటిదాకా 210 మంది ఉన్న సబ్‌స్క్రైబర్లు 640 అయ్యారు.

తర్వాత పరకాలలో చుట్టాల పెళ్లి. భోజనాల దగ్గర నలుగురు పిల్లగాళ్లు అత్తమ్మను చూసి, అచ్చం ఆమె గొంతుతోనే "బోర్లేసి నీళ్లు పొయ్యి" అని పడీపడీ నవ్వారు. ఆ వీడియో ఒకటుందని అత్తమ్మకు తెలిసింది అప్పుడే. ఇంటికొచ్చినంక "నన్ను బజార్ల నిలవెడితివి" అన్నారట. అప్పటినుంచి కోడలు వంటింట్లో ఫోన్ తీస్తే చాలు, ఆమె లేచి బయట అరుగు మీదికి వెళ్లిపోతున్నారు. ఆడబిడ్డ ఫోన్ చేసి తిట్టింది. భర్త గట్టిగా ఏమీ అనలేదు కానీ ఈఎంఐ కట్టే రోజు మాత్రం "ఇంకెన్ని రోజులు?" అంటారు.

ఆమె అడిగినవి ఇవి. కొత్తగా వచ్చిన ఆ 430 మంది ఎటు పోయారు, పెద్ద వీడియోలు మళ్లీ 140 దగ్గరే ఎందుకు ఆగుతున్నాయి? 3,000 రూపాయలిస్తే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లను ఎక్కిస్తానని టెలిగ్రామ్‌లో ఒకతను అంటున్నాడు, తీసుకోవచ్చా? పాపను పెట్టి చేస్తే వ్యూస్ బాగా వస్తాయని స్నేహితురాలు అంటోంది, చేయాలా? లేక ఇదంతా బంద్ చేసి మళ్లీ మిషన్ ముందు కూర్చోవాలా?

చెల్లె, మీరు ఛానల్ గురించి అడిగారు కానీ నేను అత్తమ్మ దగ్గర నుంచి మొదలుపెడతాను. మీ ఉత్తరంలో వ్యూస్ గురించి నాలుగు పేజీలున్నాయి, అత్తమ్మ గురించి ఆరు లైన్లున్నాయి. ఆ ఆరు లైన్లు చదివాకే నాకు మీ ఛానల్ సంగతి అర్థమైంది.

"వీడియోలో ఆమెను తక్కువ చేసిందేం లేదు కదా, అందరూ మెచ్చుకున్నారు కదా" అని రాశారు. నిజమే, కింద కామెంట్లన్నీ మంచివే. కానీ ఆమె ఆ మాట అన్నది లక్షల మందితో కాదు, మీతో. తన వంటింట్లో, తన కోడలితో, ఇంట్లో కట్టుకునే పాత చీరలో, తల దువ్వుకోకముందు అన్న మాట అది. బయటికి పోయేటప్పుడు మన పెద్దవాళ్లు ఎంత శ్రద్ధగా తయారవుతారో మీకు తెలుసు, పక్క వాడకు పోవాలన్నా చీర మార్చుకుని, తల నున్నగా దువ్వుకుని గానీ గడప దాటరు. అట్లాంటి మనిషిని అడగకుండా అందరి ముందుకు తీసుకెళ్లారు. మీకు చెడు ఉద్దేశం లేదని నాకు తెలుసు, ఆమెకూ తెలిసే ఉంటుంది. అయినా అడగలేదన్న మాట అడగలేదనే. ఇది ఒప్పుకోకుండా మిగతా ఏ చిట్కా చెప్పినా మీకు పనికిరాదు, ఎందుకంటే మీ ఛానల్‌లో జనం ఆగి చూసింది ఆమెనే.

ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి. ఆ షార్ట్‌ను అట్లాగే ఉంచొచ్చు. ఉంచితే రోజుకు ఇంకొన్ని వ్యూస్ వస్తాయి, ఒకరో ఇద్దరో కొత్తగా చేరతారు, కానీ వంటింటికీ అరుగుకీ మధ్య ఇప్పుడున్న దూరం అట్లాగే ఉంటుంది, వచ్చే పెళ్లిలో మళ్లీ అదే నవ్వు. లేదా ఇవాళే ప్రైవేట్‌లో పెట్టొచ్చు. పెడితే అంతా పోతుందని మీ భయం, అందుకే లెక్క చెప్తున్నాను. వీడియో దాచినంత మాత్రాన ఇప్పటికే చేరిన సబ్‌స్క్రైబర్లు పోరు, 640 మంది 640 గానే ఉంటారు. ప్రకటనల డబ్బు రావాలంటే జనం మన వీడియోలు 4,000 గంటలు చూసి ఉండాలని యూట్యూబ్ అడుగుతుంది, షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ లెక్కలోకి అసలు రాదు. షార్ట్స్ వ్యూస్‌తో అర్హత సంపాదించే ఇంకో దారి ఉంది గానీ అది గడిచిన 90 రోజుల్లో కోటి వ్యూస్ అడుగుతుంది, మీ 2,40,000లో చాలావరకు వచ్చి మూడు నెలలు దాటింది, కాబట్టి ఆ లెక్కలోనూ అవి దాదాపు లేనట్టే. అంటే మీరు పట్టుకుని కూర్చున్న దాని విలువ, మీరు అనుకుంటున్నంత లేదు. డిలీట్ చేయకండి, ప్రైవేట్‌లో పెట్టండి, ఆమె ఎప్పుడైనా ఒప్పుకుంటే మళ్లీ బయటికి తీయొచ్చు.

ఆ పని చేసినంక ఫోన్ లోపల పెట్టేసి అరుగు మీద ఆమె పక్కన కూర్చోండి. తప్పైందని చెప్పండి, కారణాలు చెప్పకండి. రెండు మూడు రోజులు పోయినంక, ఆమె మనసు కాస్త కుదుటపడితే, ఆ కామెంట్లు చదివి వినిపించండి. "మా అమ్మ ఇట్లనే తిట్టేది, చచ్చిపోయి రెండేండ్లయింది, మళ్లీ ఆమె మాట విన్నట్టయింది" అని ఒకరు రాసింది మీరు ఉత్తరంలో దింపారు కదా, అది ముందు చదవండి. తన మాటకు నవ్వినవాళ్లనే ఆమె చూసింది, ఏడ్చినవాళ్లను చూడలేదు. చూపించాల్సింది మీరే. అయితే ఒప్పించడానికి చదువుతున్నట్టు ఉండొద్దు, ఆమె సొమ్ము ఆమెకు ఇస్తున్నట్టు ఉండాలి.

అప్పుడు అడగండి. ఆమె వద్దంటే వద్దే. వద్దన్నా మీ ఛానల్ ఆగిపోనక్కర్లేదు, ఆమె దగ్గర నేర్చుకుని మీరే చెప్పొచ్చు, "మా అత్తమ్మ ఇట్ల చెప్పింది" అని ఆమె పేరు మీద చెప్పొచ్చు. దానికీ ఒక మాట అడగండి. లేదా మొహం కనిపించకుండా చేతులు, గొంతు మాత్రం ఉంటాయంటే ఆమె సరే అనొచ్చు. పూర్తిగా ఒప్పుకుంటే మాత్రం ముందే రెండు మాటలు అనుకోండి. ఏ వీడియో అయినా ఆమె చూసి సరేనన్నాకే పెట్టాలి. రేపు దీని మీద రూపాయి వస్తే అందులో ఆమె భాగం ఆమె చేతికే ఇవ్వాలి. ఈ రెండో మాట విని ఇంట్లో నవ్వొచ్చు, అయినా అనండి. ఆమె ఇన్నేళ్లు వండి సంపాదించిన తెలివిని మీరు వీడియోగా మారుస్తున్నారు.

మీ ఆడబిడ్డ "గంగవ్వ లెక్క చేద్దామనుకుంటున్నవా" అన్నదని రాశారు. ఆమె ఎత్తిపొడుపుగా అన్నా, ఆ ఉదాహరణ చూడదగ్గదే. గంగవ్వకు పేరు తెచ్చిన యూట్యూబ్ ఛానల్ మై విలేజ్ షో, జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైంది. గంగవ్వ 2020లో బిగ్ బాస్‌కు వెళ్లేనాటికి ఆ ఛానల్‌కు ఎనిమిదేళ్లు. మనం పైనుంచి చూసి ఒక్క రోజులో వచ్చిన పేరనుకుంటాం. ఇంకోటి, గంగవ్వ కెమెరా ముందుంటే కెమెరా ఉందని తెలిసి మాట్లాడుతుంది. మీ అత్తమ్మకు ఆ అవకాశం మీరు ఇవ్వలేదు.

సరే, ఇక ఆ 430 మంది.

వాళ్లు ఎటూ పోలేదు. వాళ్లు మీ పెద్ద వీడియోల కోసం రాలేదు, అంతే. రాత్రి పడుకునే ముందు వేలితో పైకి తోస్తూ పోతుంటే ఒక పెద్దావిడ తమ ఇంటి మాట మాట్లాడుతూ కనిపించింది, ఆగారు, నవ్వుకున్నారు, సబ్‌స్క్రైబ్ నొక్కారు. తర్వాత మీ కొత్త వీడియో వాళ్ల ముందుకు వచ్చినప్పుడు ఏం కనిపించింది? మీరు పంపిన స్క్రీన్‌షాట్లలో చూశాను. "టేస్టీ ఈవినింగ్ స్నాక్, పది నిమిషాల్లో", పక్కన ఎర్ర బాణం, నోరు తెరిచిన మీ ఫొటో. అందులో అత్తమ్మ లేదు, గిన్నె లేదు, ఆ మాట లేదు. తాము చేరిన ఛానల్ ఇదేనని వాళ్లకు తెలిసే గుర్తు ఒక్కటీ లేదు. లోపలికి వచ్చిన ఆ కొద్దిమందికి మొదటి నలభై సెకన్లు "హాయ్ ఫ్రెండ్స్, వెల్కమ్ బ్యాక్ టు మై ఛానల్", తర్వాత సబ్‌స్క్రైబ్ చేయండి, గంట నొక్కండి. ఛానల్ లెక్కలు కనిపించే యూట్యూబ్ స్టూడియోలో, జనం ఎంతసేపు ఆగారో చెప్పే రిటెన్షన్ గీత చూడండి, ఆ నలభై సెకన్ల దగ్గరే సగం మంది జారిపోతున్నారు. అక్కడ వంట ఇంకా మొదలే కాలేదు.

మీ మాట గురించి కూడా చెప్పాలి, నొచ్చుకోకండి. మీ ఉత్తరం చక్కగా మన తీరుగా ఉంది, "పిండి గట్టిగయితది", "నూనె కాగినంక" అని రాశారు. వీడియోలో మాత్రం టీవీ యాంకర్ల మాట తెచ్చిపెట్టుకున్నారు. "ఇప్పుడు మనం బాణలి పెట్టుకుని హీట్ చేసుకుందాం" అంటుంటే మీకే నోరు తిరగట్లేదు, రెండుసార్లు తడబడ్డారు. ఎవరు చెప్పారు చెల్లె మీకు మన మాట వీడియోకు పనికిరాదని? కాళోజీ తిరిగిన ఊరు మనది, ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం, హన్మకొండలో ఆయన పేరు మీద కళాక్షేత్రమే ఉంది. అంత జరిగినా మన ఆడపిల్ల కెమెరా ముందుకు రాగానే తన మాట దాచుకుంటుంటే నాకు కష్టంగా ఉంటుంది. మీరు ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి. కొందరు వెక్కిరిస్తారు, ఆ కామెంట్లూ వస్తాయి, ముందే చెప్తున్నాను. కానీ ఆ షార్ట్‌లో జనం ఆగింది ఏ మాట దగ్గరో మీ లెక్కలే చెప్తున్నాయి.

ఇంక నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమనిపించింది మీరు ఫిర్యాదుగా రాసిన ఒక లైను. "వచ్చే కామెంట్లు కూడా ఎక్కువ దుబాయ్, సౌదీ వాళ్లవే అక్కా, మన లోకల్ వాళ్లు చూడట్లేదు."

ఆ లైను నేను రెండుసార్లు చదివాను. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు పోయిన మనిషి లేని ఊరు దొరకడం కష్టం. వాళ్లలో చాలామంది ఒక రూమ్‌లో ఆరుగురు ఏడుగురు ఉంటారు, ఒకే స్టవ్, రెండు గిన్నెలు, ఒక రైస్ కుక్కర్, వంతులవారీగా వండుకుంటారు. వంట ఎన్నడూ ముట్టని మగపిల్లలు అక్కడికి పోయినంక నేర్చుకుంటారు. ఎవరిని చూసి నేర్చుకోవాలి? పది రకాల మసాలాలు, ఓవెన్, క్రీము చెప్పే వీడియోలు వాళ్లకెందుకు? మీ దగ్గర సౌదీ నుంచి ఒక తమ్ముడు ఏం అడిగాడో చూడండి: "అక్కా మా రూమ్‌ల లోతు గిన్నె లేదు, నాన్‌స్టిక్ పెనం ఉంది, దానిమీద సర్వపిండి అయితదా?" దానికి మీరు ఒక హార్ట్ గుర్తు పెట్టి వదిలేశారు.

జనం కావాలంటున్నారు కదా, వాళ్లు మీ గుమ్మం ముందుకొచ్చి అడుగుతున్నారు. మీరు వాళ్ల భుజాల మీదుగా వెనకెవరైనా వస్తున్నారా అని చూస్తున్నారు.

ఒక్క ఆరు వారాలు ఆ తమ్ముడి కోసమే వీడియోలు చేసి చూడండి. పెనం మీద సర్వపిండి. స్టవ్ ఖాళీ లేనప్పుడు పచ్చిపులుసు, దానికి చింతపండు, మిరపకాయ కాల్చుకునేంత మంట, వేయించిన నువ్వుల పొడి ఉంటే చాలు. కుక్కర్‌లో బగారా అన్నం ముగ్గురికి ఎంత, ఏడుగురికి ఎంత. బతుకమ్మ వస్తోంది, సద్దుల రోజు ఇంటికి దూరంగా ఉన్నవాడు పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద ముద్దలు అక్కడ దొరికే వాటితో ఎట్లా చేసుకోవాలి. ఆ తర్వాత డిసెంబరులో సకినాలు, ఇంట్లో చేసి పార్సెల్ పంపే తల్లుల కోసం, దారిలో విరగకుండా ఎట్లా సర్దాలో కూడా చూపించండి. పండుగ వీడియో పండుగ నాడు పెట్టకండి, కనీసం రెండు మూడు వారాల ముందు పెట్టండి, బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాటికి పెడితే అప్పటికే అందరూ వెతకడం మొదలుపెట్టి ఉంటారు.

పేర్లు కూడా వాళ్లు వెతికే పేర్లే పెట్టండి. మనం సర్వపిండి అంటాం, కొందరు గిన్నప్ప అంటారు, సర్వప్ప అంటారు, తపాలచెక్క అనేవాళ్లూ ఉన్నారు. టైటిల్‌లోనో కింద వివరణలోనో ఇవన్నీ ఉండాలి, తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ. "ఈవినింగ్ స్నాక్" అని ఎవడూ తన అమ్మ వంటను వెతకడు. "సర్వపిండి గిన్నెకు నిలవట్లేదా?" అని పెట్టి, ఫొటోలో పిండి మీద వేలితో పొడిచిన చిల్లుల్లో నూనె మెరుస్తున్నది పెట్టండి చాలు. మీ క్లిక్ శాతం, అంటే వీడియో ఫొటో ఎన్నిసార్లు కనిపిస్తే ఎన్నిసార్లు నొక్కారన్నది, 1.9 అని చూపించారు. సగం ఛానళ్లకూ వీడియోలకూ అది 2 నుంచి 10 మధ్య ఉంటుందని యూట్యూబే చెప్తోంది, అంటే మీది అంచునే ఉంది, దిగులు పడాల్సినంత కిందేమీ లేదు.

టైం సంగతి. సౌదీ, కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక. మీరు రాత్రి పదిన్నరకు పెడితే సౌదీలో ఎనిమిది. సౌదీ, కువైట్‌లో శుక్రవారం సెలవు, కాబట్టి గురువారం సాయంత్రం పెట్టి చూడండి. మీ స్టూడియోలో ఆడియన్స్ అన్నచోట మీవాళ్లు ఏ దేశం నుంచి, ఏ వేళకు యూట్యూబ్‌లో ఉంటున్నారో కనిపిస్తుంది, అది నా అంచనా కంటే నమ్మదగ్గది. అయితే టైం ఒక్కటీ మారిస్తే అన్నీ మారతాయనుకోవద్దు, వీడియో వాళ్లకు పనికొస్తేనే ఇవన్నీ.

ఇక లెక్క. మీ ఆయన "ఇంకెన్ని రోజులు?" అన్నదానికి జవాబు ఇందులోనే ఉంది, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, లెక్కలు ఆయన పనే కదా. ప్రకటనల డబ్బుకు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటలు కావాలి. అంటే 2,40,000 నిమిషాలు. మీ వీడియోను మనిషి సగటున చూస్తున్నది నిమిషం 50 సెకన్లు. ఆ లెక్కన ఏడాదిలో దాదాపు 1,31,000 వ్యూస్ కావాలి. అదే మనిషి నాలుగు నిమిషాలు చూశాడనుకోండి, 60,000 చాలు, నెలకు 5,000. ఇప్పుడు మీకు మొత్తం ఉన్నది 310 గంటలు. ఆ ముందరి నలభై సెకన్లు కోసేసి, తొమ్మిది నిమిషాల వీడియోను ఆరుకు దించి, నేరుగా వంటలోకి దిగితే మనిషి నిలిచే సమయం పెరిగే అవకాశం ఎక్కువ. వారానికి రెండు హడావుడి వీడియోల కన్నా ఒక్క మంచిది చేయడం మీ ఒంటికీ మంచిది, ఆ లెక్కకూ మంచిది. షార్ట్స్ దారిలో పోవాలంటే 90 రోజుల్లో కోటి, అంటే రోజుకు లక్షకు పైన. మీ అత్తమ్మ షార్ట్ లాంటివి మూడు నెలల్లో నలభైకి పైగా రావాలి. ఒక్కటి వచ్చినందుకే ఇంట్లో ఇంత గొడవైంది.

ఈ అర్హత గేటు దాటినంక కూడా డబ్బు వెంటనే రాదు. పెద్ద వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం మనకు ఇస్తారు, ఆ డబ్బు జమయ్యే గూగుల్ యాడ్‌సెన్స్ ఖాతాలో 100 డాలర్లు పోగయితే గానీ బ్యాంకుకు పంపరు. నూట నలభై వ్యూస్ వచ్చే ఛానల్‌కు ఆ వంద డాలర్లు ఎన్ని నెలలకు పోగవుతాయో చెప్పలేం. కాబట్టి ఈఎంఐ ఛానల్ కడుతుందన్న ఆశ మీద ఇంకో వస్తువు కొనకండి. ఉన్న ఫోన్ చాలు.

ఆ టెలిగ్రామ్ వ్యక్తి గురించి ఎక్కువ చెప్పను. కొంటే ఏమవుతుందంటే, వెయ్యి అంకె కనిపిస్తుంది, వాళ్లెవరూ వీడియో చూడరు, 4,000 గంటల్లో ఒక్క నిమిషం కూడా పెరగదు. నకిలీ సబ్‌స్క్రైబర్లు యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధం, పట్టుకుంటే ఆ అంకె తీసేస్తారు, ఛానల్‌కే ముప్పు. మీ 3,000 అడగడానికి అతను దొరకడు. జీమెయిల్ పాస్‌వర్డ్ ఇస్తే "సెట్టింగ్స్ చేసిపెడతా" అన్నాడని రాశారు చూడండి, అది చదివి నాకు భయమైంది. ఎవరికీ ఇవ్వకండి, ఇవాళే టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో తనిఖీ, పెట్టుకోండి. "నువ్వు నాకు చెయ్, నేను నీకు చేస్తా" అని ఒకరికొకరు సబ్‌స్క్రైబ్ చేసుకునే, మీరున్న ఆ వాట్సాప్ గ్రూపు కూడా ఇదే కోవలోకి వస్తుంది. అందులో ఉన్న అక్కచెల్లెళ్లు మంచివాళ్లే అయ్యుంటారు, కష్టం సుఖం మాట్లాడుకోవడానికి ఉండండి, అంకెలు మార్చుకోవడానికి వద్దు.

సినిమా పాటలు పెట్టిన ఐదు వీడియోలకు కాపీరైట్ క్లెయిమ్ వచ్చిందని టెన్షన్ పడుతున్నారు. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వస్తే సాధారణంగా ఆ వీడియో మీద వచ్చే డబ్బు పాట హక్కుదారుకు పోతుంది. హక్కుదారు ఫిర్యాదు మీద వీడియోనే తీసేస్తే వచ్చే స్ట్రైక్ మాత్రం పెద్దది, 90 రోజుల్లో మూడు వస్తే ఛానల్ తీసేస్తారు. ఆ పాటలు తీసేయండి. స్టూడియోలోనే ఉచిత సంగీతం ఉంటుంది. మీ వంటకు అదీ అవసరం లేదు, నూనె చిటపట వినిపించనివ్వండి.

పాప విషయం. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు కానీ నిర్ణయం మీ ఇద్దరిది కాబట్టి వచ్చేవేవో చెప్తాను. వ్యూస్ రావొచ్చు, అది నిజం. ఆ వచ్చినవాళ్లు పాప కోసం వస్తారు, వంట కోసం కాదు, రేపు పాప వద్దంటే మీ దగ్గర మళ్లీ ఏమీ మిగలదు. పిల్లలు ఉన్న వీడియోలకు యూట్యూబ్ తనే కామెంట్లు ఆపేయొచ్చు, మీకున్న అసలు బలమే ఆ కామెంట్లు. బడి యూనిఫాం, వీధి, ఇల్లు చూసి ఎవరైనా ఆమెను గుర్తుపట్టొచ్చు. పరకాల పెళ్లిలో అరవై దాటిన మనిషే ఆ నవ్వు తట్టుకోలేకపోయారు. ఆరేళ్ల పిల్ల రేపు బడిలో ఎట్లా తట్టుకుంటుంది? తనకు అడిగే వయసు, వద్దనే వయసు రానివ్వండి.

చివరగా, ఆపాలా వద్దా అన్నారు. పూర్తిగా ఆపొచ్చు, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఆపితే ఇంట్లో శాంతి త్వరగా వస్తుంది, చేతికి మళ్లీ నెల నెలా డబ్బు వస్తుంది, మనసులో మాత్రం ఒక వెలితి ఉంటుంది, మీ ఉత్తరం చదివితే అది చాలా రోజులు ఉండేటట్టే ఉంది. ఇప్పుడున్నట్టే కొనసాగించొచ్చు, అట్లా చేస్తే ఇంకో ఏడాదికి ఇంకో డెబ్బై వీడియోలు, అవే నూట నలభై వ్యూస్, ఇంట్లో గొడవ పెద్దదవుతుంది. మూడోది, సగం సగం. మిషన్ మళ్లీ బయటికి తీయండి, పొద్దంతా కుట్టు, వారానికి ఒక్క రోజు వంటల షూటింగ్. పెళ్లిళ్ల సీజన్‌లో బ్లౌజులు పెరిగితే ఆ రెండు నెలలు ఛానల్ తగ్గించండి, ఎవరూ ఏమీ అనుకోరు. మీ ఆయనతో కూర్చుని ఒక తేదీ అనుకోండి, సంక్రాంతి అనుకుందాం. అప్పటిదాకా ఆయన "ఎన్ని రోజులు" అని అడగకూడదు, అప్పటిదాకా మీరు కొత్త ఖర్చు పెట్టకూడదు. ఆ రోజు చూడాల్సింది సబ్‌స్క్రైబర్ల అంకె కాదు. మనిషి సగటున ఎన్ని నిమిషాలు ఆగుతున్నాడు, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు ఎంతమంది అన్నది చూడండి, స్టూడియోలో కొత్తవాళ్లు, తిరిగొచ్చేవాళ్లు అని విడిగా కనిపిస్తుంది. అవి రెండూ పెరుగుతుంటే ఇంకో ఆరు నెలలు గడువు పెంచుకోవచ్చు. పెరగకపోతే అప్పుడు ఆపినా మీరు చేయాల్సింది చేసి ఆపినట్టు.

నేను చెప్పినవన్నీ చేసినా ఛానల్ పెరుగుతుందని మాట ఇవ్వలేను, అది ఎవరూ ఇవ్వలేరు. మీ అత్తమ్మ అరుగు మీద నుంచి లోపలికి వస్తారన్న మాటా ఇవ్వలేను, కానీ దాని మీద నాకు ఆశ ఎక్కువ.

ఆ సౌదీ తమ్ముడికి మాత్రం ఇవాళే జవాబు రాయండి, అడిగి చాలా రోజులైంది. పెనం మీద అవుతుందని చెప్పండి. పిండి కాస్త పలచగా అద్దాలి, చిల్లుల్లో నూనె మామూలు కంటే ఒక చుక్క ఎక్కువ వేయాలి, మీద సరిపోయే మూత లేకపోతే పళ్లెం బోర్లించినా సరిపోతుంది, మంట సన్నగా ఉండాలి. రెండోది అద్దేముందు పెనం చల్లారాలన్నది మర్చిపోకుండా రాయండి, అది అత్తమ్మ చెప్పిందని కూడా రాయొచ్చా అని ఆమెను అడిగి రాయండి.